వెలుతురును పట్టు మాంసకృత్తులు – వాని యమరిక



మన ప్రయోగశాలలో మీరు సులభముగా చేయదగిన పరీక్ష యొకటి గలదు. గుప్పెడు పాలకూర ఆకులను కల్వములో నూరి, స్పిరిటు పోసి వడకట్టుడు. (స్పిరిటును మంటకు దవ్వుగా నుంచవలెను.) పచ్చని ద్రవము దిగును. దానిని గాజుగొట్టములో పోసి, ఎండ తగులునట్లు పట్టుకొని, ప్రక్కనుండి చూడుడు. పచ్చగా నుండవలసిన ద్రవము ముదురెరుపుగా గానవచ్చును.

ఈ యెరుపు ఎక్కడిది? పత్రహరితము తాను గ్రహించిన వెలుతురులో కొంతభాగమును ఎరుపు వెలుతురుగా మరల విడిచిపెట్టుచున్నది. స్పిరిటులో నిట్లు పోవునది నూటికి పాతిక ముప్పది పాళ్ల వరకు నుండును. పచ్చి ఆకులోనో, నూటికి ఒకటి రెండు పాళ్లు మాత్రమే. పదార్థ మొక్కటియే, మారినది దాని యమరిక. పత్రహరితము వెలుతురును పీల్చు రంగు అని మాత్రమే నేను చాల యేండ్లు తరగతిలో చెప్పితిని. అది తప్పు గాదు గాని, చాలదు. ఆ కొఱతను దీర్చుటకే యీ వ్యాసము.

ఆకులో పత్రహరితము విడిగా నుండదు. దాని యణువులను మాంసకృత్తులు తగిన దూరములలో, తగిన వాలులలో పట్టియుంచును. ఆ మాంసకృత్తులు మిక్కిలి పలుచని క్రొవ్వుపొరలో నాటబడియుండును. మిల్లీమీటరును పదిలక్షల భాగములు చేసినచో, ఆ పొర మందము నాలుగైదు భాగములు మాత్రమే.

ఇట్టి మాంసకృత్తు యొక్క నిర్మాణమును మొదట సూక్ష్మముగా తెలిసికొన్నది ఆకునుండి గాదు, వెలుతురుచే జీవించు నొక సూక్ష్మజీవి నుండి. జర్మనీ దేశమున డైసెన్‌హోఫర్, హ్యూబర్, మిషెల్ అను మువ్వురు దానిని స్ఫటికముగా జేసి, ఎక్స్-కిరణములతో శోధించి, 1985 నాటికి అందలి పరమాణువుల స్థానములను దెలిపిరి. 1988లో వారికి రసాయనశాస్త్రమున నోబెల్ బహుమానము లభించెను. పొరకు ఒక ప్రక్కన, పత్రహరితమునకు తోబుట్టువగు వర్ణకపు అణువులు రెండు జంటగా నున్నవి. వెలుతురు తగిలినంతనే ఆ జంట నుండి ఒక ఎలక్ట్రాను బయలుదేరి పొర యొక్క రెండవ ప్రక్కకు సాగును. అందలి మొదటి గంతుకు పట్టు కాలము, సెకండును లక్షకోట్ల భాగములు చేసిన, సుమారు మూడు భాగములు. అంత త్వరగా తరలిపోవుటచేతనే ఆ శక్తి వెలుతురై వృథా గాకుండును. ఎలక్ట్రాను నడచుట యెల్లప్పుడు ఒకే దిక్కునకు.

ఇట్టి మాంసకృత్తులను మనము ఒక పలకపై వరుసగా నిలిపి విద్యుత్తును రాబట్టగలమా? దీనికి పనికివచ్చు ఉపాయము పాతది. జర్మనీలో ఆగ్నెస్ పోకెల్స్ అను వనిత, కళాశాలకు బోకయే, తన వంటయింటిలో రేకుతొట్టితో నీటి ఉపరితలమును పరీక్షించెను. ఆమె వ్రాసిన లేఖను రేలీ ప్రభువు 1891లో ‘నేచర్’ పత్రికలో ప్రచురింపజేసెను. 1917లో అమెరికా శాస్త్రజ్ఞుడు లాంగ్‌మ్యూర్, నీటిపై పరచిన కొన్ని నూనె ఆమ్లములు ఒక్క అణువు మందము గల పొరగా నేర్పడునని, వాని తలలు నీటిలోను తోకలు గాలిలోను నుండునని వివరించెను. ఆయనతో పనిచేసిన కేథరిన్ బ్లాడ్జెట్, గాజుపలకను ముంచి యెత్తుచు అట్టి పొరలను ఒకదానిపై నొకటి పేర్చు పద్ధతిని వృద్ధిచేసెను.

మాంసకృత్తులకును ఈ పద్ధతినే వాడిచూచిరి. కాని చిక్కులు మూడు గలవు. మొదటిది, నీటిపై పరచినపుడు మాంసకృత్తు తన మడతలు విప్పుకొని చెడిపోవచ్చును. రెండవది, అది నిలువుగా నుండక ప్రక్కకు ఒరగవచ్చును. మూడవది, సగము తలక్రిందులుగా నిలువవచ్చును. టార్చిలైటులో రెండు బ్యాటరీలను ఎదురెదురుగా బెట్టినచో దీపము వెలుగదు గదా! ఇచ్చటను అంతే: ఒకదాని విద్యుత్తును మరొకటి కొట్టివేయును.

ఈ దోషములను గుర్తించు మార్గములును గలవు. ఒకే తలమున కంపించు వెలుతురును పొరపై ప్రసరింపజేసి, ఏ వాలున ఎక్కువ పీల్చుకొనునో చూచినచో వర్ణకములు ఎంత ఒరిగినవో తెలియును. తల పైకో క్రిందికో దీనివలన తెలియదు. అందుకై వెలుతురును ఒక్క క్షణము మెరపించి, పొరకు ఇరువైపుల పుట్టిన విద్యుత్పీడనము ధనమో ఋణమో కొలువవలెను. నిలుపుటకును ఉపాయ మున్నది. మాంసకృత్తు యొక్క ఒక కొనకు హిస్టిడిన్ అను అమినో ఆమ్లముల వరుసను జేర్చి, నికెల్ పరమాణువులను పట్టించిన పలకపై విడిచినచో, ఆ కొన పలకకు అంటుకొనును; ఎక్కువ భాగము ఒకే దిక్కున నిలుచును.

ఇట్టి పొరలనుండి వచ్చు విద్యుత్తు స్వల్పము. తన సహజస్థానమును బాసిన మాంసకృత్తు త్వరలో చెడును. కావున ఇవి యింటి దీపముల కింకను అందలేదు. ఆకు మాత్రము ఈ పనిని ప్రతి యుదయమును చేయుచున్నది. చెడిన మాంసకృత్తును తీసివేసి క్రొత్తదానిని తానే నిలుపుకొనుచున్నది.

మీరు పరీక్ష చేయునపుడు గొట్టము ప్రక్కన ఒక పచ్చి ఆకును గూడ ఎండలో బట్టి చూడుడు. ఒకటి ఎఱ్ఱనగును, రెండవది పచ్చగనే యుండును. కారణమేమని అడిగినవారికి ఇకమీదట మీరు చెప్పగలరు.