బిలాస్‌పూర్ దుమ్ములో ఫొటోలు

ఎల్.ఎఫ్.సి.కి ఎక్కడికి వెళ్దామని ఇంట్లో మాట్లాడుకునేటప్పుడు టికెట్లు, హోటలు, పిల్లల సెలవులు అన్నీ లెక్కకొస్తాయి. కెమెరాలో దుమ్ము పడుతుందన్న సంగతి ఎవరికీ తోచదు. మావారికి బిలాస్‌పూర్ బదిలీ అయ్యేదాకా నాకూ తోచలేదు.

ఇది రైల్వే ఊరు. 2003 నుంచి ఆగ్నేయ మధ్య రైల్వే జోన్‌కి కేంద్రం. కొర్బా ప్రాంతంలో బొగ్గు తవ్వే ఎస్.ఇ.సి.ఎల్. ప్రధాన కార్యాలయమూ ఇక్కడే. బొగ్గు గూడ్సులు రాత్రీ పగలూ నడుస్తూనే ఉంటాయి. పొద్దున తుడిచిన వరండా గట్టు మీద సాయంత్రానికి వేలితో పేరు రాయొచ్చు.

మా అత్తయ్యగారు పుట్టింది ఇక్కడి రైల్వే క్వార్టర్స్‌లోనే. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో ఉద్యోగానికొచ్చిన తెలుగు కుటుంబాల్లో వాళ్లదీ ఒకటి. డెబ్బై దాటాక ఆ ఇల్లు ఒక్కసారి చూడాలని విశాఖ–కొర్బా ఎక్స్‌ప్రెస్ ఎక్కి వచ్చారు. పాత గుమ్మం, వేపచెట్టు, గుమ్మంలో ఆవిడ. నలభై ఫొటోలు తీశాను. ఇంటికొచ్చి కంప్యూటర్‌లో చూస్తే దాదాపు అన్నింట్లోనూ ఒకేచోట నల్లటి మచ్చ! అడ్డంగా తీసినవాటిలో అది ఆకాశంలో ఉంది. నిలువుగా తీసినవాటిలో సరిగ్గా ఆవిడ చెంప మీదికొచ్చింది.

తప్పు నాదే. పక్కన గూడ్సు పోతుండగా ఆరుబయట లెన్సు మార్చాను.

లెన్సు ముందు అద్దం మీద చిన్న నలక పడితే ఫొటోలో దాదాపు తెలియదు. అదే నలక లోపల సెన్సర్ మీద పడితే ప్రతి ఫొటోలోనూ అదే చోట కనబడుతుంది. ఎఫ్/4 దగ్గర మసకగా కలిసిపోతుంది కానీ ఎఫ్/16కి వెళ్తే నల్లగా తేలుతుంది. అందుకే ప్రయాణానికి ముందురోజు ఒక పరీక్ష చేయండి. ఎఫ్/16 లేదా ఎఫ్/22 పెట్టి, ఫోకస్ కుదరకుండా తెల్లగోడను ఒక ఫొటో తీసి, పెద్దది చేసి చూడండి. మచ్చలుంటే ఇంట్లోనే తెలిసిపోతుంది.

దుమ్ముచోట లెన్సు మార్చకపోవడమే మేలు. జూమ్ లెన్సు ఒక్కటి పెట్టుకుని రోజంతా గడిపేయండి. మార్చక తప్పకపోతే గదిలోకి వెళ్లి, ఫ్యాను ఆపి, కెమెరా ఆఫ్ చేసి, దాని నోరు నేలవైపు ఉంచి మార్చండి. పడిన దుమ్మును రబ్బరు బ్లోయర్‌తో కొట్టాలి. నోటితో ఊదితే ఉమ్మి తుంపర పడుతుంది. బ్లోయర్‌కి పోని మచ్చ సర్వీసు సెంటర్ పని. చేతిరుమాలు జోలికి పోవద్దు.

పిల్లల దగ్గరికి దుబాయ్, కువైట్ వెళ్లేవాళ్లకి ఇంకో మాట. అక్కడి ఇసుకలో ఉండే క్వార్ట్జ్ గాజుకన్నా గట్టిది. ఇసుక ఉన్న లెన్సును గుడ్డతో రుద్దితే గీతలు పడి తీరతాయి. ముందు బ్లోయర్, తర్వాత మెత్తటి బ్రష్, చివర్లోనే గుడ్డ. మన బొగ్గు దుమ్ముకీ ఇదే వరస. తొందరపడి రుద్దితే నల్లగా అలుక్కుపోతుంది కూడా. చీరకొంగుతో తుడిచే అలవాటు నాకు చాలాకాలం ఉండేది. కొంగులో అప్పటికే ఊరి దుమ్మంతా ఉంటుంది మరి!

ఫోనుతో తీసేవాళ్లకి సెన్సర్ బెంగ లేదు. కానీ ఆ లెన్సు ఎంత చిన్నదంటే, ఒక వేలిముద్ర చాలు, ఫొటో అంతా మంచు పట్టినట్టవుతుంది. చార్జింగ్ రంధ్రంలో చేరిన దుమ్మును పిన్నీసుతో పొడవకండి. వాడనప్పుడు జిప్ కవర్‌లో పెట్టుకుంటే ఫోనుకైనా కెమెరాకైనా చాలు.

దుమ్ము లేచినప్పుడు ఫ్లాష్ వేయొద్దు, గాలిలోని నలుసులన్నీ తెల్ల బంతుల్లా పడతాయి. ఎండకు ఎదురుగా తీస్తే మాత్రం ఆ దుమ్మే అందం. సాయంత్రం పశువులు ఇంటికొచ్చే వేళ రతన్‌పూర్ దారిలో నేను తీసినవి అలాంటివే. దూరపు కొండలు కావాలంటే వాన వెలిసిన మర్నాడు వెళ్లండి. ఎంత మంచి ఫొటో అయినా పట్టాల మీదికి దిగొద్దు. 1989 రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద అది నేరం. ప్రాణం సంగతి సరేసరి.

ఆకాశంలోని మచ్చలు సాఫ్ట్‌వేర్‌తో తుడిచేశాను. చెంప మీదివి ముట్టుకుంటే ఆవిడ ముఖమే మారిపోతోంది, వదిలేశాను. "ఆ ఇల్లు పడగొట్టేలోపు మళ్లీ వస్తానమ్మాయ్" అన్నారు అత్తయ్యగారు. సంక్రాంతి వెళ్లాక టికెట్లు తీశాం. ఈసారి ఒక్కటే లెన్సు.