రాత్రి అన్నం పొద్దున తినవచ్చా?

ఈ ప్రశ్నకు మన ఇళ్లలో రెండు జవాబులు వినిపిస్తాయి. చద్దన్నం ఒంటికి చలవ, తినమంటారు అమ్మమ్మలు. బయట ఉన్న అన్నం తినవద్దంటారు డాక్టర్లు. ఇద్దరూ చెప్పేది నిజమే. అదెలాగో చూద్దాం.

బియ్యంలో మట్టి నుంచి వచ్చే బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా ఉంటుంది. అన్నం ఉడికినా దాని సిద్ధబీజాలు చావవు. అన్నం గోరువెచ్చబడ్డాక అవి మొలకెత్తి, బాక్టీరియాగా మారి వేగంగా పెరుగుతాయి. 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ వరకు బాక్టీరియాకు అనువైన వేడి. మా ఉన్‌లో వేసవి రాత్రి కూడా వంటగది ఆ హద్దుల్లోనే ఉంటుంది. ఆ బాక్టీరియా వదిలే ఒక విషపదార్థం మళ్లీ ఎంత మరిగించినా పోదు. 1971లో బ్రిటన్‌లో ఫ్రైడ్ రైస్ తిన్నవాళ్లు వాంతులతో బాధపడ్డారు. ముందే ఉడికించి బయట ఉంచిన అన్నాన్ని మళ్లీ వేయించి వడ్డించడమే కారణమని తేలింది. "వేడి చేస్తే సరిపోతుందిలే" అనే మాట అన్నం విషయంలో చెల్లదన్నమాట. వాసన చూసి చెప్పడమూ కుదరదు, చెడిన అన్నం వాసన మామూలుగానే ఉండవచ్చు.

మరి చద్దన్నం? అన్నం గోరువెచ్చగా ఉండగానే మజ్జిగ కలిపితే అందులోని లాక్టిక్ ఆమ్ల బాక్టీరియా పులుపు పుట్టిస్తుంది. ఆ పులుపులో చెడు బాక్టీరియా పెరగలేదు. అమ్మమ్మల పద్ధతిలో ఉన్న సైన్సు ఇదే. అయితే రాత్రంతా ఉత్తగా కుక్కర్లో ఉన్న అన్నంలో పొద్దున మజ్జిగ పోస్తే అది చద్దన్నం కాదు. అప్పటికే పుట్టిన విషాన్ని మజ్జిగ తీసేయలేదు.

గుజరాతీ పొరుగువాళ్ల ఇళ్లలోనూ ఇలాంటి తెలివే కనిపిస్తుంది. శ్రావణ బహుళ షష్ఠినాడు, అంటే రాంధణ్ ఛఠ్ రోజు వండి, మర్నాడు శీతళా సాతమ్ నాడు పొయ్యి వెలిగించకుండా ఆ చల్లటి వంటలే తింటారు. వాటిలో థేప్లా, పూరీ లాంటి తడి తక్కువ ఉన్నవి ముఖ్యం. నీళ్లు తక్కువైతే బాక్టీరియాకు బతుకు కష్టం. మన పులిహోర నిలవ ఉండటానికి చింతపండు పులుపు, ఉప్పు సాయపడతాయి. పప్పు, ఆలూ కూర, కొబ్బరి పచ్చడికి ఆ రక్ష లేదు.

ఇది మనకు ఊరికే పాఠం కాదు. సూరత్‌లో మగ్గాలమీద పనిచేసే తెలుగువాళ్లు ఎందరో ఉన్నారు. పొద్దున ఆరింటికి కట్టిన డబ్బాను షెడ్డు వేడిలో మధ్యాహ్నం ఒంటిగంటకు విప్పుతారు. వండిన పదార్థాన్ని బయట 2 గంటలకు మించి ఉంచవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఏడు గంటలు అంతకు ఎంతో ఎక్కువ. అందుకే డబ్బాలో పప్పన్నం బదులు పెరుగన్నమో, పులిహోరో, థేప్లాలో పెట్టమని అమ్మకు చెప్పవచ్చు. పప్పన్నమే కావాలంటే వేడి నిలిపే డబ్బాలో పొగలు కక్కుతుండగానే పెట్టి మూత బిగించాలి. రాత్రి అన్నం మిగిలితే కుక్కర్లోనే వదలకుండా వెడల్పు పళ్లెంలో పలచగా పరిచి, ఆరగానే ఫ్రిజ్‌లో పెట్టాలి. గిన్నెలో ముద్దగా ఉంటే నడిమి భాగం గంటల తరబడి వెచ్చగానే ఉంటుంది.