రాగి బిళ్లల ప్రయాణం: సోహో నుంచి ఉత్తర సర్కారుల దాకా

పోతిరెడ్డిపల్లి, పటాన్‌చెరు ప్రెస్ షాపుల్లో రేకు నుంచి బిళ్ల కోయడాన్ని ‘బ్లాంకింగ్’ అంటారు. నాణేల తయారీలోనూ ఇది కీలక దశ. ముద్ర పడని ఆ బిళ్లే ‘బ్లాంక్’ లేదా ‘ప్లాంచెట్’.

ముఖ్యాంశాలు
• జార్జియన్ యుగం: 1714-1830. బ్రిటన్‌ను వరుసగా నలుగురు జార్జ్ రాజులు పాలించిన కాలం.
• సోహో టంకశాల: ఈ యుగంలోనే, 1788లో బర్మింగ్‌హామ్ దగ్గర మాథ్యూ బౌల్టన్ నెలకొల్పారు. ముద్రణకు ఆవిరి శక్తిని వాడారు. ఆవిరి యంత్రాల వ్యాపారంలో ఆయన భాగస్వామి జేమ్స్ వాట్.
• అమెరికాకు బిళ్లలే: 1792లో ఏర్పడిన ఫిలడెల్ఫియా టంకశాలకు 1790ల చివరి నుంచి బౌల్టన్ రాగి బిళ్లలు ఎగుమతి చేశారు. సెంటు ముద్ర అక్కడే వేసుకునేవారు.
• తెలుగు నేలకు నాణేలే: మద్రాసు ప్రెసిడెన్సీలోని ఉత్తర సర్కారుల కోసం 1794, 1797 సంవత్సరాల ముద్రతో రూపాయిలో 48వ, 96వ వంతు రాగి నాణేలు సోహోలో తయారయ్యాయి.
• ఓడ ప్రమాదం: సోహోలో ముద్రించిన 10, 20 కాసుల నాణేలను మద్రాసుకు తెస్తున్న ‘అడ్మిరల్ గార్డ్‌నర్’ 1809 జనవరిలో ఇంగ్లండ్ తీరాన గుడ్‌విన్ ఇసుక మేటల్లో మునిగింది. నాణేలపై ఉన్న సంవత్సరం 1808.

గుర్తుంచుకోండి: అమెరికాకు బిళ్లలు, మద్రాసుకు ముద్రించిన నాణేలు.

మాదిరి ప్రశ్న: సోహో టంకశాల స్థాపకుడు ఎవరు?
1) జేమ్స్ వాట్ 2) మాథ్యూ బౌల్టన్ 3) రాబర్ట్ క్లైవ్ 4) వారెన్ హేస్టింగ్స్
జవాబు: 2