ఆ ఎంజైమ్ పెరిగితే గుండెకు ముప్పా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 52. షుగర్ లేదు, బీపీకి మాత్ర వేసుకుంటున్నాను. ఆఫర్ ఉందని ఒంటికంతా పరీక్షలు చేయించుకుంటే ‘ఎల్‌పీ-పీఎల్‌ఏ2’ అనే దాని ఎదురుగా ‘హై’ అని వచ్చింది. ఎల్‌డీఎల్ 148. గుండెపోటు వస్తుందేమోనని భయంగా ఉంది. దీన్ని తగ్గించే మందు ఉందా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: దానికంటూ విడిగా మందు లేదు, అవసరమూ లేదు. మీ రిపోర్టులో నేను పట్టించుకునేది ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 148ని.

అసలు ఈ ఎల్‌పీ-పీఎల్‌ఏ2 ఏమిటో ముందు చెబుతాను. మన ప్రతి కణం చుట్టూ ఉండే పొర ఫాస్ఫోలిపిడ్లనే కొవ్వులతో తయారవుతుంది. అవసరం పడినప్పుడు శరీరం వాటి నుంచే కొన్ని ఘాటైన రసాయనాలు తయారుచేసుకుంటుంది. అందులో ఒకటి పీఏఎఫ్ (ప్లేట్‌లెట్ యాక్టివేటింగ్ ఫ్యాక్టర్). ఫ్రాన్సు శాస్త్రవేత్త జాక్ బెన్‌వెనిస్ట్ బృందం 1972లో దానికి ఆ పేరు పెట్టింది. అది రవ్వంత విడుదలైనా చాలు, ప్లేట్‌లెట్లు గుంపుకడతాయి, శ్వాసనాళాలు బిగుసుకుంటాయి, రక్తనాళాల్లోంచి నీరు బయటికి ఊరుతుంది. పని కాగానే దాన్ని విరిచి నిర్వీర్యం చేసేదే మీ రిపోర్టులోని ఎంజైమ్. అంటే పుట్టుకతో అది మనకు శత్రువేమీ కాదు.

మరి గుండెతో పేచీ ఎక్కడ? ఈ ఎంజైమ్ రక్తంలో ఎక్కువగా ఎల్‌డీఎల్‌నే అంటిపెట్టుకుని తిరుగుతుంది. ఎల్‌డీఎల్‌లో చెడిపోయిన ఫాస్ఫోలిపిడ్లను కూడా తుంచుతుంది. ఆ తునకలు రక్తనాళాల గోడల్లో వాపు పెంచుతాయి. గుండెజబ్బు ఉన్నవాళ్లలో ఈ ఎంజైమ్ ఎక్కువగా కనిపించడంతో, దీన్ని అణిస్తే గుండెపోట్లు తగ్గుతాయని ఆశపడి డారాప్లాడిబ్ అనే మందు తయారుచేశారు. 2014లో రెండు పెద్ద పరీక్షల ఫలితాలు వచ్చాయి. ఒకదాంట్లో దాదాపు 16 వేల మంది, ఇంకోదాంట్లో 13 వేల మంది రోగులు. ఎంజైమ్ తగ్గింది కానీ, అనుకున్న మేలు జరగలేదు. జపాన్‌లో నూటికి నలుగురికి రక్తంలో ఈ ఎంజైమ్ పుట్టుకతోనే ఉండదు. దాన్ని తగ్గించే జన్యుమార్పు ఉన్నవాళ్లను చైనాలో పెద్దఎత్తున పరిశీలించినా, వాళ్ల గుండెకు ప్రత్యేక రక్షణేమీ కనిపించలేదు. ఇంత తెలిశాక కూడా ఈ పరీక్షను ప్యాకేజీల్లో ఎందుకు కలుపుతున్నారో నాకైతే అర్థం కాదు.

మీ వయసు, బీపీ, ఎల్‌డీఎల్ మూడూ కలిపి చూసి స్టాటిన్ మొదలుపెట్టాలా అన్నది మీ డాక్టరుతో మాట్లాడండి. స్టాటిన్ వాడితే ఎల్‌డీఎల్‌తో పాటు ఈ ఎంజైమూ తగ్గుతుంది. పొగతాగే అలవాటుంటే మానేయండి. లైపోప్రోటీన్-ఏ అనే పరీక్ష మాత్రం వేరు. పేరు దగ్గరగా ఉంది కదా అని రెండూ ఒకటే అనుకునేరు! అది జీవితంలో ఒక్కసారైనా చేయించుకోదగ్గదే.

ప్రశ్న: మా బాబుకు ఐదేళ్లు. వేరుశెనగ చట్నీ తిన్న కాసేపటికే మొహం వాచి, ఊపిరాడక ఆస్పత్రికి తీసుకెళ్లాం. కొందరికే అలర్జీ ఇంత తీవ్రంగా ఎందుకు వస్తుంది?
– ఒక తల్లి, అనంతపురం

జవాబు: కారణాలు చాలా ఉన్నాయమ్మా. అందులో ఒకటి పైన చెప్పిన ఎంజైమే. తీవ్రమైన అలర్జీలో పీఏఎఫ్ ఉప్పెనలా విడుదలవుతుంది. వేరుశెనగ అలర్జీతో చనిపోయినవాళ్లలో దాన్ని విరిచే ఈ ఎంజైమ్ చురుకుదనం తక్కువగా ఉన్నట్టు కెనడా పరిశోధకులు 2008లో ప్రచురించారు. అలాగని బాబుకు ఆ పరీక్ష చేయించనక్కర్లేదు, దానివల్ల వైద్యం మారదు.

వేరుశెనగ పూర్తిగా మాన్పించండి. పొడుల్లో, స్వీట్లలో, హోటల్ చట్నీల్లో కూడా ఉంటుంది, అడిగి తెలుసుకోండి. బడిలో టీచర్లకు చెప్పి ఉంచండి. అలర్జీ నిపుణుడికి చూపించి, అడ్రినలిన్ ఇంజెక్షన్ ఇంట్లో ఉంచుకోవడం, తొడ కండలో ఇవ్వడం నేర్చుకోండి. మళ్లీ ఊపిరి ఇబ్బందయితే అలర్జీ మాత్ర వేసి ఎదురుచూడొద్దు. ఆ ఇంజెక్షన్ ఇచ్చి, వెంటనే 108కి ఫోన్ చేయండి.