పాతబస్తీ గోదా నుంచి బతుకుదెరువు దాకా

బార్కస్‌లోనో ధూల్‌పేటలోనో పహిల్వాన్ అంటే ఇప్పటికీ ఒక హోదా. పట్లు పట్టీ పట్టీ చెవులు గడ్డకట్టిన కుర్రాడు బజారులోకి వస్తే పిల్లలు సలాం కొడతారు, ఛాయ్ హోటల్లో పెద్దవాళ్లు సైతం జరిగి చోటిస్తారు. ఆ గౌరవం చూసే చాలామంది లంగోటా బిగిస్తారు. అందులో తప్పేమీ లేదు. కాకపోతే ఇరవై ఏళ్లకు వచ్చిన పేరు నలభై ఏళ్లకు కూడా అన్నం పెట్టాలంటే దారి ఇప్పుడే వేసుకోవాలి.

మన తెలుగువాళ్లలో దేహబలాన్నే వృత్తిగా చేసుకుని దేశమంతా మార్మోగినవాడు కోడి రామమూర్తి నాయుడు. వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో పినతండ్రి దగ్గర పెరుగుతూ కసరత్తు, కుస్తీ నేర్చుకున్నాడు. ఛాతీ మీద ఏనుగును నిలబెట్టుకున్నాడనీ, ఒంటికి చుట్టిన ఇనుప గొలుసుల్ని ఊపిరి బిగించి తెంచాడనీ అందరూ చెబుతారు. విద్యార్థులు చూడాల్సింది ఇంకొకటి ఉంది. ఆయన మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరం తిరిగొచ్చి బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేశాడు. సర్కస్ కంపెనీ పెట్టింది ఆ తర్వాతే. చేతిలో సర్టిఫికెట్ పెట్టుకున్నాకే సాహసానికి దిగాడు. జీవితం చివర్లో ఆయనకు కాలు తీసేయాల్సి వచ్చింది. 1942లో ఒడిశాలోని బలంగీర్‌లో కన్నుమూశాడు. అంతటి బలశాలికే అలా జరిగింది. ఒళ్లొక్కటే పెట్టుబడి అనుకునే కుర్రాళ్లు ఈ మాట మరిచిపోకూడదు.

ఇక మన గోదా సంగతి. తెల్లవారకముందే మట్టిని పారతో తవ్వి గుల్ల చేస్తారు. నూనె, పసుపు, మజ్జిగ కలుపుతారు. ఆ తవ్వకమే సగం కసరత్తు. ఆ తర్వాత దండీలు, బస్కీలు, గద తిప్పడం. మట్టిలో గెలుపంటే ప్రత్యర్థి వీపు నేలకు ఆనించడమే. అందుకు ఎంతసేపైనా కాచుకునే ఓపిక వస్తుంది. ఉద్యోగాలు తెచ్చిపెట్టే పోటీలు మాత్రం మ్యాట్ మీద జరుగుతాయి. అక్కడ మూడేసి నిమిషాల రెండు రౌండ్లే. కింద పడేస్తే 2 పాయింట్లు, గీత దాటిస్తే 1, ఫ్రీస్టయిల్‌లో 10 పాయింట్ల తేడా వస్తే అక్కడితో ఆట ముగిసినట్టే. మట్టిలో పులిలాంటి కుర్రాడు మ్యాట్ మీద మొదటి నిమిషంలోనే వెనకబడిపోయేది ఇందుకే. వస్తాదు దగ్గర మట్టి పాఠం మానొద్దు. వారంలో కొన్ని రోజులైనా మ్యాట్ మీద సాధన చేయండి. బరువు విషయంలో అశ్రద్ధ వద్దు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఫైనల్ చేరిన వినేశ్ ఫోగాట్ 100 గ్రాముల బరువు ఎక్కువై అనర్హురాలైన సంగతి మీకు తెలిసిందే.

రైల్వే, సైన్యం, పోలీసు శాఖల్లో స్పోర్ట్స్ కోటా ఉంది. వీధి దంగల్‌లో గెలిచిన గద అక్కడ చూపిస్తే పనికిరాదు. గుర్తింపున్న సమాఖ్య నిర్వహించిన రాష్ట్ర, జాతీయ పోటీల సర్టిఫికెట్ అడుగుతారు. పిల్లలు ఇంకా చిన్నవాళ్లయితే హకీంపేట స్పోర్ట్స్ స్కూల్‌లో నాలుగో తరగతి ప్రవేశాల గురించి వాకబు చేయండి. కుస్తీ విభాగంలో తీసుకుంటున్నారో లేదో ముందే అడగండి. కోచ్ కావాలనుకుంటే పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ ఇచ్చే డిప్లొమాకు మంచి విలువుంది. బీపీఎడ్ చేస్తే బడి ఉద్యోగానికి అర్హత వస్తుంది.

గట్టిగా చెప్పాల్సిన మాట ఒకటుంది. కండ బలిసిన కుర్రాడి కోసం భూతగాదాల వాళ్లు వెతుక్కుంటూ వస్తారు. ఊరికే వచ్చి నిలబడు భాయ్, ఏం చేయనక్కర్లేదు అంటారు. అలా నిలబడ్డందుకే కేసులో పేరెక్కితే, ఉద్యోగం వచ్చాక జరిగే పోలీసు విచారణలో అది బయటపడుతుంది. దాచిపెడితే చేతికొచ్చిన ఉద్యోగమూ పోతుంది. జిమ్‌లో ఎవరో ఇచ్చే స్టెరాయిడ్ ఇంజక్షన్ కూడా అంతే. డోపింగ్ పరీక్షలో దొరికితే నాలుగేళ్ల దాకా నిషేధం.

టీవీలో చూసే ప్రొఫెషనల్ రెజ్లింగ్ మీద మోజున్నవాళ్లూ ఉన్నారు. 2023 సెప్టెంబరు 8న గచ్చిబౌలిలో జాన్ సీనా దిగినప్పుడు ఇండోర్ స్టేడియం హోరెత్తింది. అందులో ఫలితం ముందే నిర్ణయించి ఉంటుంది, దెబ్బ మాత్రం నిజంగానే తగులుతుంది. కింద పడటం నేర్పే శిక్షణ, మైకు పట్టుకుని జనాన్ని ఉర్రూతలూగించే మాట, నటన అన్నీ కావాలి. ఆ బరిలోకి దిగిన సౌరవ్ గుర్జర్ టీవీ మహాభారతంలో భీముడి వేషం కూడా వేసినవాడు. జలంధర్‌లో గ్రేట్ ఖలీ నడిపే అకాడమీ లాంటి చోట్ల శిక్షణ దొరుకుతుంది. ఫీజు, వసతి, గాయమైతే వైద్యం ఖర్చు ఎవరిదో రాతపూర్వకంగా తెలుసుకోకుండా డబ్బు కట్టొద్దు. ఇంట్లో బంగారం కుదువపెట్టి వెళ్లేంత భరోసా ఈ రంగంలో లేదు.

చదువూ కుస్తీ రెండూ నడిపించండి, వస్తాదుకూ ఆ మాట ముందే చెప్పండి. పదో తరగతి పరీక్ష, దంగల్ ఒకేరోజు పడితే పరీక్షకే వెళ్లండి.