బిందె నిండకపోతే కొళాయిదే తప్పా?

పోయిన నెల మా అవ్వను గుండె పరీక్షకని హోసూరు నుంచి వేలూరుకు చిన్నాయన ఎలక్ట్రిక్ కారులో తీసుకుపోయాం. 11 గంటలకు టోకెన్. ముందురోజు రాత్రి కరెంటు పోయి ఇంట్లో ఛార్జింగ్ మధ్యలోనే ఆగింది. వాణియంబాడి దగ్గర రోడ్డు పక్క ఛార్జర్ చేరేసరికి బ్యాటరీ 20 శాతం. యంత్రం మీద 60 కిలోవాట్లు అని రాసుంది, తెర మీద మాత్రం 28! చిన్నాయన మూడుసార్లు గన్ తీసి పెట్టాడు. అరగంట వృథా. "నిదానం నాయనా, గుండె ఇంకా కొట్టుకుంటానే ఉంది" అనింది అవ్వ.

పక్క గన్‌కు కారు పెట్టుకున్నాయన అప్పుడు చెప్పాడు: "పెట్టె ఒకటే, గన్లు రెండు. ఉన్న కరెంటు ఇద్దరికీ పంచుతుంది." ఆయన కారు అప్పటికే 88 శాతం. మా అవ్వను చూసి తనది తీసేశాడు. మాది ఆపి మళ్ళీ మొదలుపెడితే తెర 47 చూపించింది.

ఆరోజు నుంచి నేను నేర్చుకున్న పాఠం ఇది.

కిలోవాట్ అంటే కొళాయి ధార, యూనిట్ అంటే బిందెలో నీళ్ళు. మా కారు బ్యాటరీ 40 యూనిట్లు. 20 నుంచి 80 శాతానికి 24 యూనిట్లు కావాలి. 50 కిలోవాట్లయితే సుమారు 29 నిమిషాలు, 30 అయితే 48 నిమిషాలు, 7.2 అయితే 3 గంటల 20 నిమిషాలు.

ఛార్జింగ్ నెమ్మదిగా ఉంటే వరుసగా ఇవి చూడాలి:

1. కారు ఎంత తీసుకోగలదు? మా కారు హద్దు 50. కొళాయి ఎంత పెద్దదైనా బిందె మూతిని బట్టే నీళ్ళు.

2. బ్యాటరీ ఎంత నిండింది? 80 శాతం దాటాక సెల్ వోల్టేజీ హద్దుకు దగ్గరవుతుంది, కారే కరెంటును తగ్గించి అడుగుతుంది. గ్లాసు నిండేటప్పుడు మనం పాలు సన్నగా పోయమా, అలాగే. అది జబ్బు కాదు, జాగ్రత్త.

3. రెండో గన్‌కు ఇంకో కారు ఉందా?

4. బ్యాటరీ బాగా వేడెక్కిందా, లేక చల్లబడిందా? రెండింటిలోనూ వేగం తగ్గుతుంది.

అసలు మొదలే కాకపోతే దారి వేరు. కరెంటు పారేముందు కారూ ఛార్జరూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలి. గన్ బరువుకు కిందికి వాలితే ఆ మాట తెగిపోతుంది. చేత్తో కాస్త ఎత్తిపట్టి, లాక్ పడేదాకా నెట్టాలి. అయినా కాకపోతే కారును లాక్ చేసి తీసి, ఇంకో గన్ చూడాలి. ఎర్ర ఎమర్జెన్సీ బటన్ నొక్కి ఉంటే మనం ముట్టకూడదు. ఎవరో ఏదో ప్రమాదం చూసి నొక్కి ఉండొచ్చు. ఛార్జర్ నంబరు చెప్పి హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయడం మేలు. ఛార్జింగ్ నడుస్తుండగా గన్‌ను బలవంతంగా లాగొద్దు.

మా టోకెన్ దాటిపోయింది. అవ్వ సాయంత్రం దాకా బెంచీ మీద కూర్చునింది. తప్పు యంత్రానిది కాదు, మాకు తెలియకపోవడానిది. ఇప్పుడు చిన్నాయన వెనక కారు ఎదురుచూస్తుంటే 80కే గన్ తీసేస్తాడు. ఆ కారులో ఎవరి అవ్వ ఉందో మనకేం తెలుసు!