మొదటి పండు ఎవరిది?



చైత్ర మాసంలో అరకు వెళ్ళిన వారిలో చాలామందికి ఈ అనుభవం ఎదురై ఉంటుంది. అనంతగిరి ఘాటు దాటి సుంకరిమెట్ట వైపు బండి సాగుతుండగా రోడ్డుకు అడ్డంగా ఒక వెదురు గడ కనిపిస్తుంది. దాని వెనుక పదిమంది ఆడవాళ్ళు, తలల్లో పూలు, ముఖాల్లో నవ్వులు. చేతిలో ఎంతో కొంత పెడితేగాని గడ లేవదు. పట్నం నుంచి వచ్చినవారు కొందరు "ఇదేం దోపిడీ?" అని విసుక్కుంటారు. దోపిడీ కాదండీ, అది ఇటుకల పండుగ. ఊరి మగవాళ్ళు గుంపుగా అడవికి వేటకు వెళ్ళిపోతే, ఆ రోజుల్లో ఊరూ దారీ ఆడవాళ్ళవే. వేటలో ఏమీ దొరక్క ఉత్త చేతులతో తిరిగి వచ్చిన మొగవాళ్ళ మీద పేడనీళ్ళు చల్లి ఎగతాళి చేయడం కూడా ఈ పండుగలో ఒక భాగమే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట నేరమైంది. కాబట్టి వేట సంగతి మనం సమర్థించనక్కరలేదు. కానీ ఈ పండుగలో రోడ్డు మీద పోయేవారికి కనబడని సంగతి మరొకటి ఉంది. ఈ వారం మన పాఠం దాని గురించే.

ఇటుకల పండుగ అసలు విత్తనాల పండుగ. చాలా ఊళ్ళలో ప్రతి ఇంటి నుంచీ తలా ఒక చేరెడు విత్తనాలు తెస్తారు. చోడి, సామ, కొర్ర, ధాన్యం, ఎవరి దగ్గర ఏవి ఉంటే అవి. రోజు చూసి చెప్పేవాడు దిశారి. ఊరి దేవత రాయి దగ్గర పూజారి ఆ విత్తనాలన్నీ ఒకచోట కలిపి, తిరిగి ఇంటింటికీ పంచుతాడు. ఆ పంచిన గింజలను తమ విత్తనాలలో కలుపుకొని తొలకరికి పొలంలో చల్లుకుంటారు. ఒక్క క్షణం ఆగి దీని అర్థమేమిటో ఆలోచించండి. గట్టి గింజ ఉన్నవాడి విత్తనం, పుచ్చు గింజ తప్ప గతిలేని విధవరాలి విత్తనం ఒకే కుప్పలో కలిసిపోతాయి. పంచుకున్న తరువాత ఏ గింజ ఎవరిదో ఎవరూ చెప్పలేరు. ఆ ఏడు పండిన పంటలో ప్రతి ఇంటికీ ఊరందరి పాలు ఉంటుంది.

ఇక రెండవ ఆచారం 'కొత్త'. మామిడి కొత్త, కొర్ర కొత్త, చిక్కుడు కొత్త ఇలా పండే ప్రతిదానికీ ఒక కొత్త ఉంటుంది. చెట్టు నిండా కాయలు వేలాడుతున్నా, కొత్త జరగనిదే పెద్దలు ఒక్క కాయ నోట పెట్టరు. ఒక రోజు నిర్ణయిస్తారు. మొదటి కాయలు దేవతకు, చనిపోయిన పెద్దలకు పెట్టి, ఆ తరువాత ఊరంతా ఒకే రోజున తింటారు. కొత్త కాకముందు తింటే కీడు జరుగుతుందని వారి నమ్మకం. ఆ భయాన్ని మనం పంచుకోము. అయితే ఆ నియమం చేసిన మేలును కూడా కొట్టివేయకూడదు. పిందెలను ముందే దులిపేస్తే టెంక ముదరదు. మన్యంలో టెంక పారవేసే వస్తువు కాదు. దాని జీడిని ఎండబెట్టి, నానబెట్టి, వగరు పోగొట్టి, వానాకాలంలో గాదెలు ఖాళీ అయినప్పుడు అంబలి కాచుకుంటారు. అంటే చైత్రంలో నోరు కట్టుకోవడం శ్రావణంలో కడుపు నింపుకోవడానికి. చిక్కుడు అయినా, కొర్ర అయినా అంతే. గింజ ముదిరితేనే వచ్చే ఏటికి విత్తనం.

(మైదానంలో మనమేం చేస్తున్నాం? నిషేధం ఉన్నా కార్బైడు పెట్టి పచ్చి కాయను రాత్రికి రాత్రి పసుపు రంగు తేలుస్తున్నాం. కొండవారిని 'వెనుకబడినవారు' అనే ముందు ఈ ఒక్క సంగతి గుర్తుచేసుకుంటే చాలు.)

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. కొండ గ్రామాల్లో జ్ఞానస్నానం పొందిన కుటుంబాలు తరచూ అడిగే ప్రశ్న ఇది. "మేము ఊరివాళ్ళతో పాటు కొత్త జరిగేదాకా ఆగాలా? క్రీస్తు ప్రభువు మమ్మల్ని భయం నుంచి విడిపించాడు గదా, ముందే తినేస్తే తప్పేమిటి? విత్తనాలు కలపడానికి ఇవ్వవచ్చా, ఇవ్వకూడదా?" ఇది పండితుల చర్చ కాదు. ఊరిలో నలభై ఇళ్ళుంటే మూడు ఇళ్ళు క్రైస్తవులవి కావచ్చు. జవాబు తప్పితే అన్నదమ్ముల మధ్య మాటలు ఆగిపోతాయి. సంతకు కలిసి నడిచే ఆడవాళ్ళు విడివిడిగా నడుస్తారు. కొందరు బోధకులు "అవన్నీ సైతాను పండుగలు" అని ఒక్క మాటలో తేల్చివేస్తారు. మన తల్లి తిరుసభ అంత తొందరపడదు. ఎందుకో చూద్దాం.

మీ ఇంటి పరిశుద్ధ గ్రంథం తెరిచి లేవీయకాండము 23వ అధ్యాయం, 9 నుంచి 14 వరకు గల వచనాలు చదవండి. ఇశ్రాయేలు ప్రజలు కోతకు వచ్చిన మొదటి పనను యాజకుని వద్దకు తేవాలి. ఆ కానుక తెచ్చే రోజు వరకు కొత్త ధాన్యంతో చేసిన రొట్టెగాని, వేపిన గింజలుగాని, పచ్చి వెన్నులుగాని తినరాదు. ఇది అచ్చంగా 'కొత్త' కాదా? డుంబ్రిగూడలోని ముసలితల్లికి ఆ అధ్యాయం చదివి వినిపిస్తే, వివరణ అవసరం లేకుండా ఆమెకు అర్థమవుతుంది. వివరణ కావలసింది మనకే. మళ్ళీ ద్వితీయోపదేశకాండము 26వ అధ్యాయం చూడండి. తొలి పంటను గంపలో పెట్టి బలిపీఠం ముందు ఉంచి, తమ పితరులు దేశదిమ్మరులై తిరిగిన కథను, ఐగుప్తులో పడిన బాధను తలచుకొని, ఆ తరువాత లేవీయునితోను, పరదేశితోను కలిసి సంతోషించమని ఆజ్ఞ. పెద్దలను తలచుకోవడం, దేవునికి మొదటి పాలు, లేనివారితో పంక్తి భోజనం ఈ మూడూ అక్కడ ఉన్నాయి.

తేడా లేదా? ఉంది, పెద్ద తేడాయే ఉంది. కొత్త తినేవారు కీడుకు జడిసి ఆగుతారు. ఇశ్రాయేలీయులు తమను దాస్యం నుంచి విడిపించిన దేవుని ఎరిగి, ఆయనకు కృతజ్ఞతగా ఆగుతారు. భయం స్థానంలో కృతజ్ఞత వచ్చింది. కాని ఆగడం మాత్రం పోలేదు. ఈ సంగతి బాగా గుర్తుంచుకోండి.

మరొక విశేషం. పై అధ్యాయం ప్రకారం ఆ మొదటి పనను అర్పించేది విశ్రాంతి దినపు మరునాడు. మన ప్రభువు ఉత్థానమైనదీ విశ్రాంతి దినపు మరునాడే. అందుకే పునీత పౌలు ఉత్థాన క్రీస్తును నిద్రించిన వారిలో ప్రథమ ఫలమని పిలిచారు (1 కొరింతీ 15:20). మొదటి పన దేవునికి చేరితే వెనుక పొలమంతా ఆయనదే అవుతుంది. అలాగే క్రీస్తు లేచెను గనుక మనమూ లేస్తాము. ఈ మాటను మైదానంలో చెప్పడానికి నాకు అరగంట ప్రసంగం కావాలి. కొండమీద ఒక మామిడికాయ చేతిలో పట్టుకుంటే సరిపోతుంది. కాలం కూడా కలిసి వస్తుంది. 325వ సంవత్సరపు నిసియా మహాసభ నాటి నుంచి పాస్కా ఆదివారాన్ని వసంతకాలపు పున్నమిని బట్టి లెక్కిస్తున్నాము. దిశారి చూసే చైత్ర చంద్రుడూ, మన పాస్కా చంద్రుడూ చాలా ఏళ్ళు ఒకటే.

రెండవ శతాబ్దంలో రోములో వేదసాక్షిగా మరణించిన పునీత జస్టిను, క్రీస్తును ఎరుగని జ్ఞానులలో సైతం దైవవాక్కు విత్తనంగా చల్లబడి ఉందని బోధించారు. ఆ మాటనే రెండవ వాటికన్ మహాసభ 1965 డిసెంబరు 7న వెలువరించిన ప్రేషిత కార్య డిక్రీలో తిరిగి ఎత్తుకుంది. ప్రజల ఆచారాలలో దాగివున్న వాక్య బీజాలను ఆనందంతోను, గౌరవంతోను వెలికి తీయవలెనని క్రైస్తవులకు చెప్పింది. ఫ్రాన్సిస్ జగద్గురువులు 2020లో అమెజాను అడవుల ప్రజలను గురించి వ్రాసిన లేఖలో, ఆదివాసుల ఒక గుర్తును స్వీకరించినంత మాత్రాన అది విగ్రహారాధన అయిపోదని స్పష్టం చేశారు. ఇది కొత్త పోకడ అనుకునేవారు 601వ సంవత్సరానికి వెళ్ళాలి. ఇంగ్లాండు వేదప్రచారానికి వెళుతున్న మెల్లితుసుకు మహా గ్రెగోరి పోపుగారు వ్రాస్తూ, విగ్రహాలను తీసివేయండి గాని గుడులను కూల్చవద్దని, ప్రజల పండుగ విందులను దేవుని స్తుతికి మళ్ళించమని సలహా ఇచ్చారు. ఎత్తు ఎక్కగోరేవాడు మెట్టు మెట్టుగా ఎక్కుతాడేగాని ఒక్క దూకున చేరడని కూడా అన్నారు. ఘాటు రోడ్డు ఎక్కినవారికి ఈ మాట మరింత బాగా తెలుస్తుంది.

మన మిషనరీలకూ ఇది తెలియనిది కాదు. 1846లో విశాఖపట్నం చేరిన పునీత ఫ్రాన్సిస్ డి సేల్స్ సభ గురువులు సవాయి కొండ ప్రాంతం నుంచి వచ్చారు. ఐదవ శతాబ్దంలో వియెన్ పీఠాధిపతి పునీత మామెర్తుసు మొదలుపెట్టిన ప్రార్థన దినాలలో, అంటే మోక్షారోహణ పండుగకు ముందు మూడు రోజులు, ఆ దేశాల విశ్వాసులు పొలాల చుట్టూ ఊరేగి పంటను దీవించమని వేడుకునేవారు. మన దేశంలోనే మంగుళూరు, గోవా వైపు చూడండి. మంగుళూరు కొంకణి కథోలికులు సెప్టెంబరు 8న మరియమ్మ జన్మదినాన కొత్త వరి వెన్నులను దేవాలయంలో దీవింపజేసి, ఇంటికి తీసుకువెళ్ళి, గింజలు పొడిచి పాలలోనో పాయసంలోనో కలుపుతారు. ఇంటి పెద్ద పంచితే అందరూ కలిసి తింటారు. పిల్లలు అంతకుముందు తొమ్మిది రోజులూ మరియమ్మకు పూలు తెస్తారు. ఇది కూడా 'కొత్త'యే. అక్కడ దేవాలయంలోనే జరుగుతోంది.

మరి మన ప్రశ్నకు జవాబు? పునీత పౌలు దీనికి దగ్గరి సమస్యనే కొరింతులో ఎదుర్కొన్నారు (1 కొరింతీ 8, 10 అధ్యాయాలు). ఆయన గీత ఎక్కడ గీశారో గమనించండి. బలిపీఠం దగ్గర పాలుపంచుకోవడం కుదరదు. ప్రభువు బల్ల ఒక్కటే. కాబట్టి దేవత రాయి ముందు మొక్కడం, కోడినో మేకనో బలి ఇవ్వడం, కీడు పోవాలని గురుమాయి చేత తంతులు చేయించడం క్రైస్తవునికి తగవు. ఇందులో మొహమాటం పనికిరాదు. కాని అంగడిలో అమ్మేదానిని ఆరా తీయకుండా తినవచ్చునని కూడా ఆయనే చెప్పారు. భూమియు దానిలోని సమస్తము ప్రభువుదే గదా. అంతేకాదు, నా తిండి నా సోదరునికి ఆటంకమైతే అది నాకు అక్కరలేదని తన స్వేచ్ఛకు తానే హద్దు పెట్టుకున్నారు.

దీనిని బట్టి నా అభిప్రాయం చెబుతాను. ఊరందరూ ఆగుతున్నప్పుడు మనం ముందుగా మామిడికాయ కోసుకొని వీధి అరుగు మీద కూర్చుని తినడం విశ్వాసానికి సాక్ష్యం కాదు, పొగరుకు సాక్ష్యం. మీరూ ఆగండి. కీడుకు భయపడి కాదు, పొరుగువారిని గౌరవించి, టెంకను ముదరనిచ్చి, మొదటి పండు సృష్టికర్తది అని నమ్మి ఆగండి. ఆ మొదటి పండ్లను ఆదివారం దివ్యబలిపూజలో కానుకల సమర్పణ వేళ తీసుకురండి. గురువులు అప్పము, ద్రాక్షారసముల మీద చేసే ప్రార్థనలో భూమి ఇచ్చిన ఫలము, మానవుని కష్టము రెండూ కలిసి వినబడతాయి. ఆ తరువాత ఇంటికి వచ్చి ఇరుగుపొరుగును పిలిచి తినండి.

విత్తనాల సంగతి మరికొంచెం సున్నితం. పూజ కోసం గింజలు ఇవ్వడం వేరు, ఊరి రైతులు తమలో తాము విత్తనం పంచుకోవడం వేరు. రెండూ ఒకే చోట జరుగుతున్నప్పుడు ఇబ్బంది వస్తుంది. ఊరి పెద్దలతో ముందుగా నెమ్మదిగా మాట్లాడండి. "పూజలో మేము నిలబడలేము, కాని ఊరిలో విత్తనం లేని ఇంటికి మా వంతు ఇస్తాము" అని చెప్పి, చెప్పినట్లే కుంచంతో కొలిచి ఇవ్వండి. ఒట్టి చేతులతో వెళ్ళి సిద్ధాంతం చెబితే ఎవరూ వినరు. తొలకరికి ముందు ఒక ఆదివారం విచారణ గురువుల చేత విత్తనాలను ఆశీర్వదింపజేసి, అక్కడ కూడా అందరి గింజలూ ఒకే బుట్టలో కలిపి పంచుకోవచ్చు. దీనిని గురించి మీ విచారణ గురువులను, ఉపదేశిని తప్పక సంప్రదించండి. ఊరిని బట్టి పరిస్థితి మారుతుంది.

ధింసా మాటేమిటని కొందరు అడగవచ్చు. ఆడవాళ్ళు ఒకరి నడుము వెనుకగా మరొకరి చేయి పట్టుకొని, డప్పు, తుడుము, కిరిడి, మోరి మోగుతుండగా వలయంగా అడుగులు వేసే ఆ నృత్యంలో ఆకులు కోసే పనిని చూపే అడుగు ఉంది, పులి వచ్చిందని హెచ్చరించే అడుగు ఉంది. ఏ ఒక్కరూ ఒంటరిగా ఆడరు. పాస్కా పండుగనాడు దేవాలయ ఆవరణలో ధింసా ఆడితే నేను సంతోషిస్తాను. జీలుగు కల్లు మాత్రం ఆ దరిదాపులకు రానివ్వకండి.

మైదాన విచారణల కుటుంబాలకు ఈ వారం ఇంటి పాఠం. రాత్రి జపమాల తరువాత లేవీయకాండములోని పై భాగం చదివి, పిల్లలను ఈ ప్రశ్నలు అడగండి. మన ఇంట్లో 'మొదటిది' ఎవరికి వెళుతోంది? మొదటి జీతం, మొదటి బస్తా బియ్యం, చెట్టు మొదటి కాపు ఏమయ్యాయి? మనకు ఇష్టమైనది ఏదైనా, పక్కింటివారికి అందేదాకా తినకుండా ఆగిన రోజు ఒకటైనా ఉందా? మీ పెరట్లో మామిడిచెట్టు ఉంటే, ఈసారి మొదటి గంప ఎవరి గుమ్మం ముందు పెట్టాలో పిల్లలనే నిర్ణయించమనండి.